టాపు దించని బండి

ప్రతి మనిషికీ వేపకాయంత వెర్రి ఉంటుందంటారు. మా ఆయన వెర్రి వేపకాయంత కాదు, వాకిలంత. తార్నాకలో మేము అద్దెకున్న ఇంటి ముందు స్థలమంతా దానికే సరిపోయేది. నేను వడియాలు పెట్టుకుందామన్నా, పక్కింటి సమ్మక్క మిరపకాయలు ఆరబోసుకుందామన్నా, ముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి చోటు వెతుక్కోవాల్సిందే.

అది కారు. గుడ్డ టాపు ఉన్న పాత ఆస్టిన్ కారు. టాపు వెనక్కి మడిచేస్తే పైన ఆకాశం తప్ప ఇంకేమీ ఉండదు, గాలి ధారాళంగా ఆడుతుంది. ఆ కారు గొప్పంతా అదే. ఆ గొప్పను పదకొండేళ్ళపాటు నాకు చూపించలేదు మహానుభావుడు.

మా ఆయన పేరు మల్లికార్జున. కాగితం మీద కాబట్టి రాస్తున్నాను, నోటితో ఇంతవరకూ అన్నది లేదు. మాది ప్రొద్దుటూరు వైపు. ఆయన యూనివర్సిటీలో జియాలజీ డిపార్ట్‌మెంటులో మ్యాపులు గీసే డ్రాఫ్ట్స్‌మన్. కొండలెక్కి రాళ్ళు కొట్టేవాళ్ళు వేరే. వాళ్ళు తెచ్చిన కొలతలు చూసి ఏ రాయి ఎక్కడుందో రంగులేసి గీసేది ఈయన. గీత వంకర పోతే ఆ రోజు అన్నం సయించదు. ఇంకు చుక్క ఒలికితే ఇంట్లో చావు కబురు విన్నట్టే. అంత జాగ్రత్త మనిషి చేతికి యాభై ఏడులో ఈ కారు వచ్చి పడింది. ఉద్యోగం మానుకుని ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక ముసలి ప్రొఫెసరు, తన పుస్తకానికి మ్యాపులన్నీ గీసిపెట్టినందుకు, "నువ్వయితే దీన్ని చంపవు" అని ఇచ్చేసి పోయాడు.

చంపలేదు, నిజమే. పసిబిడ్డను సాకినట్టు సాకాడు. మాకు పిల్లలు లేరు. ఆదివారం పొద్దున్నే చీపురుపుల్లతో చక్రాల సందుల్లో మట్టి తీసేవాడు. చింతపండు పెట్టి ఇత్తడి గుబ్బలు తోమేవాడు, నా పూజసామాన్లు నల్లగా ఉన్నా సరే. ఏదైనా చిన్న సామాను విరిగితే సికింద్రాబాదులో పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగి, దొరక్కపోతే ఇంటికొచ్చి దాని బొమ్మ గీసి, ఆ బొమ్మ పట్టుకుని మెట్టుగూడలో లేతు మిషన్ వాడి దగ్గర కూర్చుని చేయించుకొచ్చేవాడు. చలికాలం పొద్దున బండి లేవకపోతే ముందుకెళ్ళి హ్యాండిల్ తిప్పుతూ దాన్ని బతిమాలుకునేవాడు. నన్నెప్పుడూ అట్లా బతిమాలింది లేదు.

సమ్మక్క గోడ మీదనుంచి చూసి నవ్వేది. "ఏందమ్మా, మీ సారు గా బండికి గన్నిసార్లు తానం పోస్తడు, నీకు ఒక్కపాలన్న నీళ్ళు తోడిపెట్టిండా? సవతి లేదని మురుస్తున్నవు గని, గాడ నిలబడ్డది సూడు!"

నేనూ నవ్వేదాన్ని. పైకి నవ్వేదాన్ని.

ఎందుకంటే ఆ కారులో నేను ఎక్కలేకపోయేదాన్ని. నాకు చిన్నప్పటినుంచీ ఆయాసం. మూసిన చోట ఉండలేను, ఘాటు వాసన పడదు. కారు ఇంటికొచ్చిన మొదటి వారమే ఆయన నన్ను కూర్చోబెట్టుకుని క్యాంపస్ చూపిస్తానని బయలుదేరాడు. వాన తుంపర. టాపు వేసి, పక్కల అద్దం కాగితం తెరలు బిగించాడు. పాత తోలు వాసన, పెట్రోలు వాసన, పైన గుడ్డ ముక్కిన వాసన. ఆర్ట్స్ కాలేజీ మెట్లు కనబడేసరికి నాకు ఊపిరాడక కళ్ళు తేలేశాను. దింపి, రోడ్డు పక్కన కూర్చోబెట్టి, విసిరి విసిరి పాపం ఆయనే భయపడిపోయాడు.

"ఈ తెరలూ టాపూ ఉంటే నేను ఎక్కను" అన్నాను ఊపిరి కుదుటపడ్డాక.

"వానలు పోనీలే జయమ్మా. టాపు దించి, నిన్ను పక్కన కూర్చోబెట్టుకోని ఉప్పల్ దాకా తీసకపోతా. నిమ్మళంగా గాలి పీల్చుకుంటా కూర్చుందువు" అన్నాడు.

ఆ మాట పట్టుకుని కూర్చున్నాను నేను. మొగుడి పక్కన కూర్చుని, పైన ఆకాశం చూసుకుంటూ, ఆయాసం లేకుండా ఒక్కసారి ఆ రోడ్డు మీద పోవాలి. నాకు నగలక్కర్లేదు, తీర్థయాత్రలక్కర్లేదు. ఇది ఒక్కటి కావాలి అనిపించేది. కొత్తలో అది సరదా. పోనుపోను పంతం. ఆ తర్వాత, ఈ మనిషికి నేనంటే నిజంగా అక్కర ఉందా లేదా అన్నదే దాని మీద తేలుతుందన్నంత వరకూ వచ్చింది.

వానలు పోయాయి. "టాపు దించండి" అన్నాను.

"ఈ దుమ్ముకా? సీట్లలో మన్ను చేరుతాది."

చలికాలం వచ్చింది. "నీ రొమ్ముకు ఈ చలిగాలి తగిలితే ఇంగేమన్నా ఉందా?"

ఎండాకాలం వచ్చింది. "ఈ యెండకు తోలంతా పగిలిపోతాది జయమ్మా, చూద్దాములే."

మళ్ళీ వానలు. ఇంక వానల్లో నేనే అడగను కదా! అట్లా ఏడాది తిరిగేది. మళ్ళీ దుమ్ముతో మొదలు.

వీటన్నిటికీ తోడు వార్నీషు ఒకటి. క్లాసుల్లో గోడకు వేలాడదీసే పెద్ద మ్యాపులకు వెనక గుడ్డ అంటించి, పైన వార్నీషు పూస్తారు. అప్పుడు చెమ్మ దిగదు, పురుగు పట్టదు, పదేళ్ళయినా చెక్కుచెదరదు. మా ఆయనకు టాపు కూడా మ్యాపులాగే కనబడింది కాబోలు. ఏటా మృగశిర కార్తెకు ముందు నిచ్చెన వేసుకుని, పెద్ద కుంచె పట్టుకుని టాపు మొత్తం వార్నీషు పూసేవాడు. ఒక్క చుక్క వాన నీరు లోపలికి దిగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ వాసనకు నేను వాకిట్లోకి కూడా వెళ్ళలేకపోయేదాన్ని. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంటింట్లో కూర్చుని తిట్టుకునేదాన్ని.

నల్లకుంట మార్కెట్‌కు పోయే రోజున మా వేషం చూడాలి! నేను తార్నాకలో బస్సెక్కేదాన్ని. ఆయన కారులో ఆ బస్సు వెనకే వచ్చేవాడు. బస్సు ఆగితే ఆగి, కదిలితే కదిలి. కండక్టరుకు కూడా తెలిసిపోయింది, "అమ్మా, మీ సారు వెనకొస్తుండు, రానియ్యాల్నా?" అని అడిగేవాడు. బస్సులో అందరూ నవ్వేవాళ్ళు. కూరగాయలు కొన్నాక సంచులు కారు వెనక సీట్లో పెట్టుకుని ఆయన బయలుదేరేవాడు, నేను మళ్ళీ బస్సులో. వంకాయలకూ సొరకాయలకూ ఉన్న యోగం నాకు లేదు.

"టాపు ఉన్నా ఒక్కసారి ఎక్కి చూడు జయమ్మా, తెరలు తీసేస్తా" అనేవాడు అప్పుడప్పుడు.

"టాపు దించితేనే ఎక్కుతా."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఒకే ఇంట్లో ఇద్దరు రాజులు ఉంటే రాజ్యం ఎట్లా ఉంటుందో మా వాకిలి చూస్తే తెలిసేది.

ఇట్లా అరవై ఎనిమిది వచ్చింది. ఆ సంవత్సరం సంక్రాంతి అయిపోయి, చలి విరిగే రోజుల్లో, గట్టయ్య మా ఇంటికొచ్చాడు. గట్టయ్య వాళ్ళ డిపార్ట్‌మెంటులో అటెండరు. హబ్సిగూడలో ఇల్లు, కాస్త పొలం. నిజాం కాలంలో చేరిన మనిషి. నెలాఖరుకు రిటైరవుతున్నాడు. నేను కాఫీ ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు గానీ తాగడు.

వాళ్ళ ఆఫీసుల్లో ఒక పద్ధతి ఉంది. రిటైరైన రోజు మనిషికి దండలేసి, పైకప్పు లేని బండిలో నిలబెట్టి, బ్యాండు మేళంతో ఇంటిదాకా ఊరేగించి దింపుతారు. పెద్ద సార్లకైతే ఎక్కడినుంచో జీపు వస్తుంది. అటెండరుకు ఎవరిస్తారు జీపు? రిక్షా ఎక్కించి పంపిస్తారు.

"సార్, నాకు శాలువ వద్దు, గడియారం వద్దు" అన్నాడు గట్టయ్య నేల చూస్తూ. "మా సారలమ్మ వాడకట్టంత చెప్పుకున్నది, మా ఆయన మోటర్ల వస్తడు అని. దానికెవలు చెప్పిన్రో ఏమో. ఇగ రిక్షాల దిగితే దాని ఇజ్జత్ ఏమైతది? మీ బండిల, టాపు దించి, ఇంటికాడ దింపున్రి సార్. గంతే."

నేను వంటింటి గుమ్మంలో నిలబడి లోపల్లోపల నవ్వుకున్నాను. అయ్యో గట్టయ్యా, ఎవర్ని ఏమడుగుతున్నావు! ఇప్పుడు దుమ్ము మొదలవుతుంది చూడు అనుకున్నాను.

మా ఆయన చాలాసేపు కిటికీలోంచి కారు వైపు చూశాడు. తర్వాత, "సరే గట్టయ్యా. టాపు దించుతా" అన్నాడు.

నా చేతిలో పళ్ళెం జారి కిందపడింది.

గట్టయ్య దండాలు పెట్టి వెళ్ళిపోయాడు. ఇంక నా సంగతి అడక్కండి. నాకు కోపమొస్తే నేను మాట్లాడను, గిన్నెలు మాట్లాడతాయి. ఆ వారమంతా మా వంటింట్లో బ్యాండు మేళమే. ఆయన పలకరించబోతే లేచి వెళ్ళిపోయేదాన్ని. చివరికి ఒకరోజు అన్నం వడ్డిస్తూ ఉండబట్టలేక అనేశాను.

"నాకు దుమ్ము, చలి, యెండ. గట్టయ్యకు ఏమీ లేవు. పదకొండేండ్లు అడిగినా నేను. ఆయన ఒక్క గ్లాసు కాఫీ చేత పట్టుకోని అడిగె, సరే అంటిరి. నేనంటే ఇంత అలుసా మీకు?"

ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. మజ్జిగ కూడా పోసుకోకుండా లేచాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోపం కాదు, దిగులు. ఇన్నేళ్ళు కాపురం చేసి, ఈ మనిషి మనసులో నా చోటు గట్టయ్య తర్వాతే అని తెలిస్తే ఎట్లా ఉంటుంది?

రిటైర్‌మెంటు రోజు పొద్దున్నే టాపు దించడానికి వెళ్ళాడు. నేను కిటికీ దగ్గర బియ్యం ఏరుతున్నట్టు కూర్చున్నాను. ముందు కొక్కేలు విప్పాడు. టాపును మోసే ఇనుప కమానుల్ని పట్టి వెనక్కి తోశాడు. కదల్లేదు. చొక్కా విప్పి బనియన్ మీద తోశాడు. కదల్లేదు. అటూ ఇటూ తిరిగి, నుదురు తుడుచుకుని, కిటికీ వైపు చూశాడు.

"జయమ్మా, ఒక చెయ్యి వెయ్యవా?"

చూడండి తమాషా! గట్టయ్య ఊరేగింపుకు నేను చెయ్యి వెయ్యాలంట! చేట విసిరికొట్టి వెళ్ళాను. కొంగు ముక్కుకు కట్టుకుని, ఆయన ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని, నా పదకొండేళ్ళ కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని తోశాను.

వేయించిన అప్పడం విరిగినట్టు పెద్ద చప్పుడు. టాపు ఈ చివర్నుంచి ఆ చివరికి పగిలిపోయింది. పెంకులు పెంకులుగా వార్నీషు మా ఇద్దరి తలల మీద రాలింది. కింద గుడ్డ నుసి నుసి.

కోపం ఎటు పోయిందో పోయింది. ఆయన ఏమైపోతాడో అని ముఖం వంక చూశాను. మనిషి నిదానంగా ఉన్నాడు. జుట్టులోంచి వార్నీషు పెంకు తీసి చూసుకుని, "పోయె" అన్నాడు. "పోనీ. మంచిదే అయింది."

"మంచిదేంది? మీకేమన్నా మతి పోయిందా?"

"ఇది మడిచేకి కాదని నాకు తెలుసు జయమ్మా" అన్నాడు. "నాలుగేండ్లు పూత పూసినాక, ఒకరోజు నువ్వు సమ్మక్కతో మార్కెట్టుకు పోయింటే, నీకోసమని దించబోయినా. వేలెడంత వంగి టక్కుమనె. ఆపేసినా. వార్నీషు పూసిన మ్యాపును చుట్టల్ల గాని మడవగూడదని పిల్లకాయలకు చెప్పేవాణ్ణి నేనే. బండికి అదే వార్నీషు పూసి, దించుకునే టాపును ఇంటి పైకప్పు చేసి పెట్టినా."

నేను తల మీది పెంకులు దులిపేసుకున్నాను. "మరి ఆ ముక్క నాకు చెప్పొచ్చు కదా! దుమ్మనీ చలనీ ఇన్ని కథలెందుకు?"

"చెప్తే ఇంగ నువ్వు అడగవు కదా" అన్నాడు నేల చూస్తూ. "నువ్వు అడుగుతాండినన్ని దినాలు, ఎప్పుడో ఒకరోజు ఎక్కుతావని నాకుండె. పగలగొట్టేకి నా ఒక్కని చేతగాలేదు. గట్టయ్య అడిగినప్పుడు, ఇదీ ఒకందుకు దారేలే అనుకున్నా."

ఏం చెప్పమంటారు! ఇట్లాంటి మనిషిని కొట్టాలా, కొలవాలా? నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే లోకువైపోతానని, "స్నానం చెయ్యండి, ఆఫీసుకు ఆలస్యమైతాది" అని లోపలికి వచ్చేశాను. ఆయన మ్యాపులు కోసే కత్తి తెచ్చుకుని మిగిలిన గుడ్డ అంచుల వెంబడి తిన్నగా కోసి, ఒట్టి కమానుల్ని వెనక్కి మడిచి, బండి కడిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బ్యాండు వినబడింది. నేనూ సమ్మక్కా గేటు దగ్గరకు పరుగెత్తాం. క్యాంపస్ వైపునుంచి ఊరేగింపు వస్తోంది. ముందు బ్యాండు వాళ్ళు, వెనక పిల్లలు, క్లర్కులు, అందరి మధ్యలో మా బండి. వెనక సీటు ముందర గట్టయ్య మెడ నిండా బంతిపూల దండలతో, కొత్త తలపాగాతో, దేవుడిలాగా నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ జోడించి రోడ్డు మీద పోయే ప్రతి ఒక్కరికీ దండం పెడుతున్నాడు. గేదెకూ పెట్టాడు.

మా ఆయన స్టీరింగు దగ్గర బిగుసుకుని కూర్చున్నాడు. ఆయన పక్క సీటు ఖాళీగా ఉంది. హెడ్డుగారు సూర్యనారాయణగారు, ఉబ్బిన మోకాళ్ళ మనిషి, చేతికర్ర పట్టుకుని ఆ ఖాళీ సీటు పక్కనే నడుచుకుంటూ వస్తున్నారు.

సమ్మక్క బుగ్గ నొక్కుకుంది. "గిదేందమ్మా! గా ముంగటి సీటు ఖాళీగున్నది, పెద్ద సారేమో కుంటుకుంట నడుస్తుండు! మీ సారుకు గింత బుద్ధి లేదా?"

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పెద్దాయన్ని నడిపిస్తూ తాను దొరలాగా కూర్చుని వస్తాడా? ఇంటికి రానీ చెప్తాననుకుంటుండగానే బండి మా గేటు ముందు ఆగింది. బ్యాండు ఆగింది.

"అమ్మా, జెర ఎక్కున్రి" అన్నాడు గట్టయ్య పైనుంచి.

"నేనెందుకు గట్టయ్యా? పెద్ద సారును ఎక్కించుకోండి!"

"నేనడిగిన, పెద్ద సారడిగిండు. మా సారు వద్దన్నడు. గా సీట్ల ఇన్నేండ్ల సంది ఎవల్నీ గూసోనియ్యలేదమ్మా. ఒకపాలి వానల నేను తడుసుకుంట పోతాంటే, బండి ఆపి ఎనక ఎక్కమన్నడు, ముంగట గూసోనియ్యలే. గది మా ఇంటామె సీటు గట్టయ్యా, ఆమె ఇంక మల్ల ఎక్కలేదు, అన్నడు."

సూర్యనారాయణగారు కర్రకు ఆనుకుని నవ్వుతున్నారు. "రండమ్మా, మీరు ఎక్కితే నేను వెనక గట్టయ్య కాళ్ళ దగ్గరైనా కూర్చుంటాను. మీరు ఎక్కేదాకా వెనక కూడా ఎక్కకూడదని నేనే పంతం పట్టాను."

ఒంటి మీద ఇంటి చీర. చేతికి శెనగపిండి. వీధి వీధంతా చూస్తోంది. వెనక్కి తగ్గబోయాను. సమ్మక్క వెనకనుంచి వీపు మీద ఒక్కటిచ్చింది. "పో తల్లీ, పో! గీ పొద్దన్న పో!"

ఎక్కాను. ఆయన కూర్చున్న సీటు చూశాను, ఎన్ని అతుకులో! తోలు మీద తోలు, దాని మీద రెక్సిను. నేను కూర్చున్నది మాత్రం, ఎప్పుడు కొత్త తోలు వేయించాడో, కొత్తది కొత్తట్టే ఉంది. ఒక్క ముడత లేదు. నా బరువుకు లోపల స్ప్రింగులు, పదకొండేళ్ళ తర్వాత కదా, కిర్రుమన్నాయి. శెనగపిండి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను.

"నోరు తెరిచి ఒక్కసారి చెప్పొచ్చు కదా" అన్నాను, ఆయనొక్కడికే వినబడేట్టు.

"నువ్వు ఎక్కనంటివి కదా" అన్నాడు.

హబ్సిగూడలో గట్టయ్యను దింపాం. సారలమ్మ వాడకట్టంతటినీ వెంటేసుకుని ఎదురొచ్చి, బండికి ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, మొగుడి కంటే ముందు బండి బానెట్టుకు బొట్టు పెట్టింది. అందరూ భోజనాలకు కూర్చుంటుంటే మేము సెలవు తీసుకుని బయటపడ్డాం.

"ఇంటికేనా?" అన్నాడు బండి తిప్పబోతూ.

"ఉప్పల్ అన్నారు కదా" అన్నాను.

అటే తిప్పాడు. పొద్దు వాలుతోంది. రెండు వైపులా జొన్న కోసిన చేలు, పైన ఏమీ లేదు. గాలి ముఖానికి తగిలింది. నిండా పీల్చుకున్నాను. ఎక్కడా అడ్డు పడలేదు. ఇంట్లో ఏదడిగినా ఊఁ, ఆఁ అనే మనిషి, చెట్టు కనబడగానే మొదలుపెట్టాడు. ఇదిగో ఈడ టైరు పగిలింది జయమ్మా, అదిగో ఆ మోరీ కాడ ఒకసారి వాన పట్టుకుంటే గంటసేపు నిలబడితి, ఆ ఎత్తు ఎక్కేటప్పుడు కింద మన ఇల్లు కనబడుతాదేమోనని చూస్తాంటి, ఇవన్నీ నీకు చెప్పల్లనుకుంటాంటి అని. ఒక్కడే తిరిగిన తోవలన్నీ ఒక్కొక్కటే చూపించాడు. ఉప్పల్ దాటిపోయినా ఆయన మాటలు అయిపోలేదు. బండి వెనక్కి తిప్పమని నేను అనలేదు.